రింగు రోడ్డుకి ఐదు నిమిషాలు

హైదరాబాద్ శివార్లలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం మానేసి చాలా కాలమైంది. తెల్లాపూర్, కొల్లూరు, మోకిల, బాచుపల్లి, ఆదిభట్ల... ఏ దారిన వెళ్లినా హోర్డింగుల మీద నిమిషాలే. ఎయిర్‌పోర్టుకి 25, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకి 15, రింగు రోడ్డుకి 5. కిలోమీటరుకైతే రాయి పాతి ఉంటుంది, అబద్ధమాడితే దొరికిపోతారు. నిమిషానికేముంది? ఏ అర్ధరాత్రి రెండింటికో, ఎర్ర లైట్లు లెక్కచేయకుండా ఎవడో ఒకడు వెళ్లే ఉంటాడు.

మా బావమరిది ఈ నిమిషాలన్నీ ఎక్సెల్ షీట్లోకి ఎక్కించాడు. "ఊరు చూసి కొనే రోజులు పోయాయి బావా, లైఫ్‌స్టైల్ చూసి కొనాలి" అంటూ ఆర్నెల్లు ఆదివారం ఆదివారం మమ్మల్ని తిప్పాడు. ఈతకొలను ఉందా, జాగింగ్ ట్రాకు ఉందా, స్క్వాష్ కోర్టు ఉందా, పెంపుడు కుక్కలకు వేరే పార్కు ఉందా అని ఒక్కోదానికీ మార్కులు. అతనికి ఈత రాదు. కుక్క లేదు. స్క్వాష్ అంటే నిన్నమొన్నటిదాకా నిమ్మకాయ స్క్వాషే. పొద్దున నడకకని పెళ్లయిన కొత్తలో కొన్న బూట్లు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి. మరి ఆ షీట్లో ఉన్నది ఎవరి లైఫ్‌స్టైల్? గృహప్రవేశం మర్నాడు తనలో నిద్రలేవబోయే వేరే మనిషిది. ఐదున్నరకు లేస్తాడు, ఈదుతాడు, స్క్వాష్ ఆడతాడు, సాయంత్రం కుక్కను తిప్పుతాడు. ఆయనకు కావలసినవన్నీ చూశాడు మావాడు. ఏడున్నరకు లేచి చట్నీలోకి కొబ్బరికాయ లేదని తెలిసి లుంగీ మీదే సందు చివరికి పరిగెత్తే తన సంగతి మాత్రం మర్చిపోయాడు.

ఆ ఆదివారాల్లో నేను నేర్చుకున్న తెలుగు మాట ఒకటుంది: రాబోయే. రాబోయే స్కూలు, రాబోయే ఆస్పత్రి, రాబోయే మెట్రో. బ్రోషరులో మ్యాపు చూస్తే ఇవన్నీ మన గేటు చుట్టూ పేరంటానికొచ్చిన ముత్తైదువుల్లా వరసగా కూర్చుని ఉంటాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారే, ఇక్కడ సోమలింగానికి స్కూలు సీటు కూడా ఖాయం చేసేశారు.

ఒకచోట మా అత్తమ్మ, అంటే బావమరిది వాళ్లమ్మ, చాలాసేపు ఓపిక పట్టి, ఫ్లాటు చూపిస్తున్న టై కుర్రాణ్ణి అడిగింది: "బిడ్డా, ఈడ గిర్ని ఏడుంది?"

ఆ కుర్రాడు క్షణం తడబడి, "జిమ్మా ఆంటీ? క్లబ్‌హౌస్ రెండో అంతస్తులో" అన్నాడు.

పసుపు కొమ్ములు, మిరపకాయలు, జొన్నలు పట్టించే గిర్ని సంగతి ఆవిడ అడుగుతోందని నేను చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "అన్నీ రాబోతున్నాయి ఆంటీ" అన్నాడు. అత్తమ్మ ఇక నోరెత్తలేదు. వాళ్లు పెట్టిన బిర్యానీ కూడా సగమే తిన్నది.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా ముచ్చటపరిచింది రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వరుసలు, గంటకు 120 దాకా వెళ్లొచ్చు. గొప్ప రోడ్డే, కాదనను. కానీ ఐదు నిమిషాల్లో దానిమీదికి చేరి ఏం చేస్తాం? అక్కడ ఇడ్లీ బండి ఉండదు, ఆఫీసు ఉండదు, చుట్టాలుండరు. పైగా దాని మీదికి టూవీలర్లను రానివ్వరు, నడిచేవాళ్లను అసలే రానివ్వరు. కారున్నవాడికి అది దగ్గర. పాలు తెచ్చే కుర్రాడికి, కొరియరు పిల్లాడికి, అవతలి ఊరి నుంచి స్కూటీ మీద వచ్చే వంటమ్మాయికి అది దగ్గర కాదు, అడ్డం. ఏ అండర్‌పాస్ ఎక్కడుందో వెతుక్కుని, సర్వీసు రోడ్డంట చుట్టూ తిరిగి రావాలి. ఇక ఎయిర్‌పోర్టు. ఏడాదికి మహా అయితే రెండుసార్లు విమానమెక్కే మనిషి దానికి దగ్గరగా ఉండాలని, ఏడాదికి మూడు వందల సార్లు వెళ్లే కూరగాయల బండికి దూరంగా ఇల్లు కొనుక్కున్నాడంటే, చదువు ఎక్కువైనా కష్టమే.

అసలు మార్కులు వేయవలసింది ఊళ్లో కారు లేనివాళ్ల బతుకెలా ఉందో చూసి. పటాన్‌చెరు ఉంది. దుమ్ము, లారీలు, ఫ్యాక్టరీలు. బ్రోషరులో ఫొటో వేసే మొహమే కాదు. కానీ రోడ్డు మీద నిలబడితే 218 ఎక్కి కోఠీ, 219 ఎక్కి సికింద్రాబాద్ వెళ్లొచ్చు. ముసలావిడ కంటి డాక్టరు దగ్గరికి కొడుకు సెలవు కోసం ఆగకుండా వెళ్లి వస్తుంది. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. పనిమనిషి దొరకడం లేదని గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఏడ్చేవాళ్లు ఈ రెండు వాక్యాలనూ ఒకసారి కలిపి చదువుకోవాలి. బస్సు రాని ఊరికి పనమ్మాయి ఎలా వస్తుంది, హెలికాప్టర్లోనా? రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్ చూడండి. క్వార్టర్లు కట్టినవాళ్లు ఫ్యాక్టరీని, బడిని, బజారును నడిచి వెళ్లే దూరంలోనే పెట్టుకున్నారు. వాళ్లెవరూ లైఫ్‌స్టైల్ అనే మాట విని ఉండరు.

కొత్త ఊళ్లలో కిరాణా కొట్టు ఎందుకు రాదో చెప్పడానికి పెద్ద ఆర్థికవేత్త అక్కర్లేదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల పైమాటే. తోపుడు బండి నిలబడాలంటే రెండు గజాలైనా కావాలి. నాలుగు లక్షల జాగా మీద నిలబడి, కొత్తిమీర కట్ట పది రూపాయలకిచ్చి, కొసరుగా కరివేపాకు రెబ్బ సంచిలో పడేసే దాత ఎక్కడ దొరుకుతాడు? మా పాత కాలనీలో కరివేపాకుకు డబ్బులడిగితే తగువైపోతుంది. మావాడి టవరులో అది ప్లాస్టిక్ సంచిలో, ధర ముద్రతో వస్తుంది. ఒక్క కరివేపాకుకే డెలివరీ చార్జీ వేస్తారని, అవసరం లేని చిప్స్ ప్యాకెట్టు, సబ్బు కూడా కలిపి ఆర్డరు చేస్తాడు. ఆ రకంగా అతని ఇంట్లో పోపు పెట్టినప్పుడల్లా ఒక సబ్బు పెరుగుతుంది.

మావాడు ఆ టవరులో చేరి ఏడాదైంది. రెండు వేల చదరపు అడుగుల ఫ్లాటుకి, అడుగుకి నాలుగు రూపాయల చొప్పున నెలకు ఎనిమిది వేలు మెయింటెనెన్సు. కొలనులో నాలుగుసార్లు దిగాడు, అదీ లోతు తక్కువ ఉన్న పిల్లల వైపు. స్క్వాష్ కోర్టులో ఎవరో బట్టల ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఎండాకాలం బోర్లు ఎండి ట్యాంకర్ల లెక్క వేరే వచ్చింది. అత్తమ్మ రెండు నెలలుండి, తులసి కోటకు బాల్కనీలో అసోసియేషన్ అనుమతి కావాలన్న రోజున మా ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరితే, కూరలతో పాటు కాలనీ కబుర్లన్నీ మోసుకుని తొమ్మిదింటికి తిరిగొస్తుంది.

మొన్న శనివారం బావమరిది ఫోను. గొంతులో పాత హుషారు. "బావా, చౌటుప్పల్ వైపు ఒక వెంచరు చూశా. ట్రిపుల్ ఆర్‌కి ఐదే నిమిషాలు!"

"ఆ రీజినల్ రింగు రోడ్డు ఇంకా వేయలేదు కదరా."

"అందుకే బావా, ఇప్పుడే కొనాలి."

ఫోను స్పీకర్లో ఉంది. వంటింట్లోంచి అత్తమ్మ గొంతు: "గిర్ని ఉందేమో అడుగు."