కావలివాని కటాక్షము

ఇంటికి కావలివాడు అవసరమని చెప్పిన పెద్దలు, ఆ కావలివాడు ఇంటి యజమానిని గుర్తుపట్టవలెనని వేఱుగా చెప్పలేదు. చెప్పనక్కఱలేదని వారు తలంచి యుందురు. వారి కాలమున లాప్‌టాప్ లేదు గదా!

నాచారములోని మా అపార్ట్‌మెంటు గేటు కడ ఒక వాచ్‌మన్, అతని ముందొక రిజిస్టరు కలవు. వచ్చినవారెల్లరు పేరును, ఫ్లాట్ నంబరును, వచ్చిన పనిని వ్రాసి సంతకము చేయవలెను. ఆ గ్రంథమును నేనొకమాఱు తిరుగవేయగా, ‘వచ్చిన పని’ యను గడిలో తొంబదిపాళ్లు జనులు ‘పర్సనల్’ అని వ్రాసి యుండిరి. దొంగ వచ్చినను అంతకంటె వేఱుగా వ్రాయడు. ఇట్టి కావలిని చూచి చూచి రక్షణపై విరక్తి కలిగియున్న నాకు, క్రొత్త లాప్‌టాప్‌తో పాటు ఒక రక్షక సాఫ్ట్‌వేరు నెల దినములు ఉచితముగా లభించుటయు, అది తెఱమీద ప్రత్యక్షమై లోకమునందలి సమస్త వైరస్సులును నా యొక్కని కొఱకే పొంచియున్నవని హెచ్చరించుటయు, నేను గడగడ వణకుచు ‘అంగీకరించుచున్నాను’ అను మీటను నొక్కుటయు ఏకకాలమున జరిగిపోయినవి. దేనిని అంగీకరించితినో నేటికిని ఎఱుగను.

ఒకనాటి ఉదయమున వైఫై గుర్తు యథాప్రకారము వెలుగుచుండగనే, ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అను వాక్యము దర్శనమిచ్చినది. విస్తరి వేసిరి, వడ్డన లేదు! రౌటరును ఆర్పి వెలిగించితిని, మొట్టితిని, లోపలి గదినుండి హాలులోనికి స్థానభ్రంశము గావించితిని. అదే వైఫైతో మా శ్రీమతి ఫోనులో సీరియలు నిరాటంకముగా సాగుచుండుటచేత రౌటరును నిందించు అవకాశము కూడ నాకు దక్కలేదు. పక్క ఫ్లాటు పెద్దమనిషి జాలిపడి, ఒక రక్షకుడు చాలనప్పుడు రెండవవానిని తెచ్చుకొనవలెనని ఉపదేశించెను. తెచ్చుకొంటిని. ఒకే గడపపై నిలిచిన ఆ యిరువురు కావలివారును ఒకరినొకరు దొంగలుగా భావించి కలియబడగా, అంతవఱకు నెట్ మాత్రమే లేని నా యంత్రమునకు కదలిక కూడ లేకపోయినది.

అంతట దానిని చంకనిడుకొని, హబ్సిగూడలో మెట్రో ఎక్కి ఉప్పల్‌నకు బయలుదేఱితిని. దారిలో, 1961లో స్థాపితమై భూగర్భ రహస్యములను పైనుండియే పసిగట్టుచున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనబడి, జానెడు పెట్టె గర్భములో నేమున్నదో తెలియని నన్ను సిగ్గుపఱచినది. తరువాతి స్టేషను స్టేడియము. క్రికెట్ పోటీల నాడు అచ్చటి పోలీసులు నీళ్ల సీసాను, అగ్గిపెట్టెను, లాప్‌టాప్‌ను సైతము గేటు కడనే ఆపివేయుదురు; అయినను టిక్కెట్టున్న మనిషిని మాత్రము లోనికి పోనిత్తురు. నా సాఫ్ట్‌వేరునకు ఆపాటి వివేకమైనను లేకపోయెనే యని వగచుచు, ఉప్పల్ రింగురోడ్డు పైని ఆకాశవంతెన దిగి రిపేరు దుకాణము చేరితిని.

అచ్చటి కుఱ్ఱవాడు యంత్రమును నెట్‌వర్కింగుతో కూడిన సేఫ్ మోడ్‌లో తెఱచెను. నెట్ గంగాప్రవాహమువలె వచ్చినది. మామూలుగా తెఱచెను. ఎండిపోయినది.

“వైఫైకి ఏం కాలే సార్. లోపల కూసున్నోడే ఆపుతున్నడు.”

“నెల గడువు ముగిసినది గదయ్యా, ఇంకను ఉన్నాడా?”

“పైసలు ఆగితే పోతడా సార్? గేటు కాడనే నిలబడ్తడు.”

అతడు చూపిన నిజమిది. లాప్‌టాప్ వైఫైలో చేరగానే “నాకొక నంబరు దయచేయుడు” అని కేక వేయును. రౌటరు ఒక నంబరును పంపును. ఆ ప్రత్యుత్తరమును మా రక్షకుడు అపరిచిత వ్యక్తిగా నెంచి గడప కడనే ఆపుచుండగా, ఎంత చూచినను జవాబు రాని నా యంత్రము, మా కాలనీలలో కార్పొరేషను నంబరు వచ్చువఱకు ఆగలేక తలుపుమీద తామే ఒక అంకె వ్రాసికొను గృహస్థులవలె, 169.254తో మొదలగు నంబరును తనకు తానే తగిలించుకొన్నది. ఆ చిరునామాకు బయటి లోకమునుండి ఉత్తరము రాదు.

తొలగింపుము అనగానే ఆ సాఫ్ట్‌వేరు తొలగలేదు. “రక్షణ లేకుండ నుండుట మీకు సమ్మతమేనా?” యని మూడు పర్యాయములు బెదరించి, పోవుచు పోవుచు వైఫై అడాప్టరు మెడపై తన చేతిని, అనగా ఫిల్టరను నొకదానిని, మఱచినట్లు నటించి విడిచిపోయినది. కుఱ్ఱవాడు తయారీదారుల తొలగింపు పరికరముతోనే దానిని ఊడబెఱికి, రెండవవానిని కూడ సాగనంపి, విండోస్ సొంత ఫైర్‌వాల్‌ను మేల్కొలిపెను. 2004 నుండి అది తనంతట తానే కావలి కాయుచున్నదట! ఇంటిలోనివానిని నమ్మక వీధిలో వెదకుట మనకు క్రొత్త గాదు.

నాది స్వల్ప వ్యాధి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీవారి రక్షక సాఫ్ట్‌వేరు, విండోస్ ఎక్స్‌పీలో నమ్మకముగా ఊడిగము చేయుచున్న ఎస్‌వీసీహోస్ట్ అను ఫైలునే వైరస్సని పట్టి బంధింపగా, కంప్యూటర్లు నెట్‌వర్కును కోల్పోయి, పడుచు లేచుచు అలమటించినవి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేటుచే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు మూర్ఛిల్లగా, మన శంషాబాదులో విమానమెక్కువారికి బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. ఈ రెండు దినములందును పాపము దొంగలకు పనియే లేదు.

దీపములు పెట్టువేళకు నాచారము చేరితిని. గేటు కడ పాత వాచ్‌మన్ లేడు. ఆనాడే కుదిరిన క్రొత్తవాడు నన్ను ఆపాదమస్తకము పరికించి, చంకలోని లాప్‌టాప్‌ను అనుమానించి, రిజిస్టరును నా ముందుకు నెట్టెను. వాదించు ఓపిక లేక పేరు వ్రాసితిని. ఫ్లాట్ నంబరు వ్రాసితిని. ‘వచ్చిన పని’ యను గడి కడ క్షణకాలము ఆగి, ‘కాపురము’ అని వ్రాసి సంతకము చేసితిని.

అతడు దానిని కూడబలుకుకొని చదివి, “ఎంతసేపు పడుతది సార్?” అని అడిగెను.