టోకెన్ పడింది, డబ్బులే పడలేదు!

హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్‌లో ఒకే చోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. పేదోడికి గూడు దొరికింది, మంచిదే. ఆ గూటిలోని పిల్ల ఇంజినీరింగ్ గట్టెక్కి సర్టిఫికెట్ల కోసం కాలేజీ కౌంటర్‌కి వెళ్తే వినపడే మాట: "నీ ఫీజు రీయింబర్స్‌మెంట్ మంజూరైందమ్మా. ట్రెజరీలో టోకెన్ కూడా పడింది. డబ్బులే పడలేదు. నువ్వు కట్టేసి పట్టుకుపో, సర్కారిచ్చాక తిరిగిస్తాం."

కట్టే స్తోమతే ఉంటే ఈ పథకం ఎందుకు తల్లీ? పట్నంలో ఏడాదికి 2 లక్షలు దాటి సంపాదించకూడదన్న షరతు పెట్టిందీ సర్కారే కదా! పైగా ప్రవేశ పరీక్షలో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ బిడ్డకు ఏడాదికి ఇచ్చేది 35 వేలే. అదీ టోకెన్ రూపంలో.

పోనీ, అమ్మ పేరున ఇచ్చిన ఇల్లు తాకట్టు పెడదామా? అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు అని ముందే రాసిపెట్టారు. ఈ ఒక్క నిబంధన మాత్రం బకాయి లేకుండా అమలవుతోంది.

అన్నట్టు, తమ్ముడి ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యువల్‌కి గడువు దగ్గరపడిందట. బాకీ పాతదే అయినా, దరఖాస్తు మాత్రం కొత్తగా పెట్టాలట!