అడుగులు చెప్పే రీలు

జూలైలో కర్నూల్లో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే ఆరోగ్యం సంగతి తర్వాత. ముందు "శ్రీశైలం ఎంతకొచ్చింది సార్?" అని అడుగుతారు. నిండు మట్టం 885 అడుగులని మా వీధిలో ఇస్త్రీ పెట్టే అబ్బాయికి కూడా తెలుసు. ఈ ప్రశ్నకు అడుగులే కాక దశాంశం తర్వాతి అంకె కూడా చెప్పి, ఇన్‌ఫ్లో ఎన్ని వేల క్యూసెక్కులో చెప్పి, ఆ ఊపులోనే "అన్నట్టు, లెవెల్‌వైండు రీలు మీద మీ అభిప్రాయమేంది?" అని అడిగే మనిషి తగిలితే, నేను చెప్పబోయేది ఆయన గురించే. రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు. కొడుకు సియాటిల్‌లో. ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. ఒట్టి ఇంజనీరైతే పెన్షనర్ల సంఘానికి కార్యదర్శి అవుతాడు. ఒట్టి సియాటిల్ తండ్రైతే మనవడి ఫోటోలు చూపిస్తాడు. వాటికి మందుంది.

ఆర్నెల్ల కోసం పోయిన తండ్రికి పొద్దు పోయే దారి చూపలేక, కొడుకు ఒక ఆదివారం పుజెట్ సౌండ్ ఒడ్డుకు తీసుకుపోయాడు. సముద్రం ఊళ్ల మధ్యకు చొచ్చుకొచ్చిన పాయ అది. కొడుకు స్నేహితుడొకడు అక్కడ కయాకులో కూర్చుని సాల్మన్ వేటకు పోతాడు. మన ఇంజనీరును కయాకు ఎక్కించలేదు. ఒడ్డున మడత కుర్చీ వేసి, ఫ్లాస్కుతో కాఫీ ఇచ్చి, రెండు స్వెట్టర్లు తొడిగి కూర్చోబెట్టారు. నీళ్ల చల్లదనం పదీ పన్నెండు డిగ్రీలట. కర్నూలు మే నెలలో ఫ్రిజ్జులోని నీళ్లు కూడా అంత చల్లగా ఉండవు.

అక్కడ ఎర వేసి దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చోవడం ఉండదు. ట్రోలింగ్ అంటే ఎరను వెనక ఈడ్చుకుంటూ పోవడం. గంటకు రెండు మూడు మైళ్ల వేగంతో తెడ్డు వేస్తుంటే, వెనక సీసం గుండు బరువుకు దారం దిగి, తళతళ తిరిగే ఫ్లాషరు రేకూ దాని వెనక హెర్రింగ్ చేప ఎరా పోతుంటాయి. సాల్మన్ ఏ లోతులో తిరుగుతోందో ఎర ఆ లోతులోనే ఉండాలి. అందుకని గాలం దారం చుట్టే రీళ్లలో కొన్నిటికి నెత్తిమీద చిన్న కిటికీ ఉంటుంది. దారం ఎన్ని అడుగులు పోయిందో అందులో అంకెలు తిరుగుతాయి. స్నేహితుడు ఒడ్డుకొచ్చి ఆ కిటికీ చూపించినప్పుడు నాన్న కళ్లు చెమర్చాయని కొడుకు ఫోన్‌లో చెప్పాడు. ఉద్యోగమంతా గేజి పలక మీది అంకె చదివి రిజిస్టర్లో ఎక్కించిన మనిషి. గేజిని చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దాని మీద ఇంకో దెబ్బ. వాషింగ్టన్ రాష్ట్రంలో సాల్మన్‌ను పట్టి ఉంచుకుంటే అక్కడికక్కడే ఒక కార్డులో రాయాలి: తేదీ, చోటు, జాతి. చాలా చోట్ల, తోకకు ముందు వీపు మీదుండే చిన్న రెక్క కత్తిరించి ఉంటేనే చేపను ఉంచుకోవాలి, అది హేచరీలో పెంచి వదిలిన చేప. రెక్క ఉంటే సహజంగా పుట్టింది, వదిలేయాలి. వదిలేటప్పుడు నోరు చీలకుండా గాలానికి ఎదురుముల్లు కూడా ఉండకూడదు. "రిజిస్టరుందండీ దానికి!" అని ఆయన తిరిగొచ్చాక కాలనీ అంతా చెప్పుకున్నాడు. చేపలమ్మే ఆమెకు కూడా చెప్పాడు. ఆమె బొచ్చె పొలుసు గీకుతూ తలెత్తకుండానే, "పట్టిన చేపను వదిలేదానికి అమెరికాకు పోవల్లనా సార్? మావోళ్ల చేతిలోనించి రోజూ జారిపోతానే ఉండాయి" అంది.

ఇంటికొచ్చిన మరునాటి నుంచే రీలు ఎంపిక మొదలైంది. ఎక్కడ వాడతారని అడగడం అనాగరికం. ధర ఎప్పుడూ డాలర్లలోనే చెప్తాడు. రూపాయల్లో చెప్తే వంటింట్లోకి వినబడుతుంది.

ఆయన సంప్రదింపులన్నీ ప్రొద్దుటూరులో పంపుసెట్ల అంగడి పెట్టుకున్న బామ్మర్దితో. ఈ బావాబామ్మర్దుల మధ్య చుట్టరికం కేసీ కాలువంత పాతదైతే కాదు గానీ, దానంత పొడవైంది. సుంకేసులలో తుంగభద్ర దగ్గర మొదలై కడపలో తేలే ఆ కాలువ దాదాపు 306 కిలోమీటర్లు. 1863లో మొదలుపెట్టి 1870కల్లా తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పొలాలకు నీళ్లూ, సరుకులకు పడవలూ, రెండిందాలా లాభమని లెక్క వేసింది. లెక్క తప్పి, 1882లో సర్కారు చేతికొచ్చింది. మన ఇంజనీరు వాదన కూడా అక్కణ్ణుంచే పుట్టింది: పడవల కోసం తవ్విన కాలువలో కయాకు వేస్తే తప్పెట్లా అవుతుంది? చట్టప్రకారం ఎట్లున్నా, ఎండాకాలంలో ఆ కాలువలో కయాకును భుజాన వేసుకుని నడవాల్సి వస్తుంది. ఆ విషయం ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

"స్పిన్నింగ్ రీలు తీస్కో బావా," అంటాడు బామ్మర్ది. "తేలిక. చెడిపోతే పారేస్తాం."

"కయాకులో రెండు చేతులూ తెడ్డు మీదుంటాయి అబ్బీ. కర్ర పక్కన స్టాండులో ఉంటుంది. చేప పట్టిందని నాకెవరు చెప్పాల? క్లిక్కరు గట్టిగా అరవాల. దానికి గుండ్రటి ట్రోలింగ్ రీలే సరి. షిమానో టెకోటా అనుకుంటాండా."

"షిమానో సైకిలు గేర్లోళ్లు కదా?"

"వాళ్లే."

"అయితే మంచోళ్లే. గేరెంత?"

"ఒకటికి నాలుగు పాయింట్ రెండు."

పంపుసెట్ల మనిషికి ఇంక చెప్పనక్కర్లేదు. పిడి ఒక చుట్టు తిప్పితే స్పూలు నాలుగు చుట్లు తిరిగే రీలుకు లాగే బలమెక్కువ, ఆరు చుట్లు తిరిగేదానికి వేగమెక్కువ. రెండూ కావాలనేవాడికి మోటారూ దొరకదు, రీలూ దొరకదు. అంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. లోతు దగ్గర చెడింది.

"కిటికీలో ఎంతదాకా తిరుగుతుంది బావా?"

"999 అడుగులు."

"సాల్మన్ ఎంత లోతులో ఉంటుంది?"

"నూరు, నూటయాభై."

"మా పులివెందుల దిక్కు ఆ లోతుకు తడి మట్టి కూడా తగలదు. వాళ్లకు చేపలొస్తాండాయా!" అని బామ్మర్ది ఫోను పెట్టేశాడు. వారం రోజులు మాట్లాడుకోలేదని విన్నాను.

చివరికి కొడుకు సెలవుల్లో వస్తూ రీలు తెచ్చాడు. ఒకుమా కోల్డ్‌వాటర్. తండ్రి అడిగింది షిమానో. పేరు జపాను పేరులా ఉన్నా కంపెనీ తైవాన్‌దని తెలిసి ఆయన ఒక పూట అన్నం తినలేదు. పేరులో చల్లనీళ్లున్న వస్తువు కర్నూలుకొచ్చింది కదా అని భార్యే సర్దిచెప్పింది. ఆమెకు ఆ పార్సిల్లో వచ్చిన బ్రెయిడు దారం నచ్చింది. అల్లిక దారం సాగదు, అందువల్ల మెత్తటి మూతి చేపకు గాలం చీరుకుని ఊడిపోతుంది, ట్రోలింగుకు కాస్త సాగే మోనోయే మంచిదని భర్త దాన్ని పక్కన పెట్టాడు. ఇప్పుడు డాబా మీద దాని మీదే చీరలు ఆరుతున్నాయి. ముప్పై పౌన్ల దారం, ఎంత గాలికీ తెగదు.

ఇక పరీక్ష. నీళ్లు లేనిచోట ట్రోలింగ్ రీలును పరీక్షించే పద్ధతిని కర్నూలు ప్రపంచానికిచ్చిన కానుకగానే నేను లెక్కిస్తాను. పొద్దున ఆరు గంటలకు వీధి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ. అందులో కాళ్లు చాపుకుని ఇంజనీరు గారు. చేతుల్లో తెడ్డు బదులు బూజుకర్ర. కుర్చీ చేతికి బిగించిన స్టాండులో గాలం కర్ర. దారం కొస ఎదురింటి ఐదో తరగతి కుర్రాడి సైకిలు క్యారియరుకు కట్టి ఉంది. వాడు చినూక్. సాల్మన్లలో అన్నిటికన్నా పెద్దది చినూక్, గాలంతో పట్టినవాటిలో రికార్డు 1985లో అలాస్కాలోని కినాయ్ నదిలో దొరికిన 44 కిలోల చేప. మా చినూక్ ఇరవై ఎనిమిది కిలోలు, స్కూలు బ్యాగు కాక.

"పో!" అనగానే చినూక్ తొక్కుతుంది. క్లిక్కరు కీచుమంటుంది. వీధిలో కుక్కలన్నీ లేస్తాయి. ఇంజనీరు బూజుకర్ర ఒళ్లో పడేసి కర్ర అందుకుంటాడు. డ్రాగ్ ముందే స్ప్రింగు త్రాసు పెట్టి సరిచూసుంటుంది. దారం ఓర్చుకునే బరువులో మూడోవంతో నాలుగోవంతో లాగుడు వచ్చేసరికి స్పూలు జారి దారం వదలాలి, బిగబడితే తెగుతుంది. పాలవాడు బండి ఆపి, "ఇది దేనికి సార్, గాలిపటానికా?" అన్నాడు. జవాబు చెప్పే తీరిక లేదు, ఎందుకంటే చినూక్ ఆ సందు చివర హఠాత్తుగా వెనక్కి తిరిగి కుర్చీ మీదికే తొక్కుకుంటూ వస్తోంది. నిజం చినూక్ కూడా ఇట్లాగే పడవ మీదికి ఉరుకుతుందట. దారం వదులైతే గాలం ఊడిపోతుంది. గేరు నాలుగు పాయింట్ రెండు. చుట్టేలోపల దారం పాలబండి చక్రంలోకి పోయింది. "అందుకే నేను ఆరన్నా బావా" అని బామ్మర్ది ప్రొద్దుటూరు నుంచి తీర్పిచ్చాడు. నిజానికి వాడు అననే లేదు.

ఇంకో సంగతి ఆ పరీక్షల్లోనే బయటపడింది. కిటికీలోని లెక్క స్పూలు చుట్లను బట్టి తిరుగుతుంది. స్పూలు నిండుగా ఉంటే చుట్టుకు ఎక్కువ దారం, తగ్గేకొద్దీ తక్కువ. అంటే అంకె అబద్ధమాడుతుంది. వేరేవాడైతే బాధపడేవాడు. ఈయన ముఖం వెలిగింది. టేపు పరిచి, వీధి పొడవునా సుద్ద గీతలు గీసి, ప్రతి యాభై అడుగులకూ ఎంత తేడానో సవరణ పట్టిక తయారుచేసి లామినేషన్ చేయించాడు.

నీళ్లలో ఆ రీలు ఒక్కసారే దిగింది. సుంకేసుల దగ్గర కయాకులుండవు, పుట్టి ఉంటుంది. పుట్టికి ముందూ వెనకా లేదు. తెడ్డు వేస్తే తిరుగుతూ పోతుంది. వెనక ఈడ్చాల్సిన ఎర కాసేపు ముందుంది, కాసేపు పక్కనుంది, ఆఖరికి దారం ఇంజనీరు నడుముకే రెండు చుట్లు చుట్టుకుంది. అసలు ఈడ్చే ఎరకు అక్కడ ఎవరు పడతారు? బొచ్చె పైనీళ్లలో కంటికానరాని పురుగుల్ని వడగట్టుకు తింటుంది. ఎర్రమోసు అడుగున బురద వెతుక్కుంటుంది. చేపను తినే చేపలు వాలుగా, కొర్రమీనూ. వాటిని పుట్టి నడిపే అతను ప్లాస్టిక్ సీసాకు చుట్టిన నైలాన్ దారంతో పడతాడు. అతని సీసాకు గేరు లేదు, డ్రాగు బొటనవేలు.

రీలు ఇక అట్టపెట్టెలోకి పోతుందనుకున్నాం. కానీ ఆ వేసవిలో కాలనీలో ఒకరి బోరు ఆగిపోయింది. మోటారు పైకి లాగారు. కొత్తది ఎంత లోతుకు దించాలో తెలియాలంటే నీళ్లెక్కడున్నాయో తెలియాలి. మోటారు అమ్మడానికొచ్చిన బామ్మర్ది కేసింగు పైపులోకి తొంగిచూసి, "బావా, ఆ రీలు తీస్కరా" అన్నాడు. మూత బిగించిన ఖాళీ సీసాకు కింద సాల్మన్ సీసం గుండు కట్టి వదిలారు. సీసా నీళ్లమీద తేలగానే దారం సడలింది, క్లిక్కరు ఆగింది.

ఇప్పుడు మార్చి దాటితే ఆయనకు తీరికే లేదు. బి.క్యాంపు నుంచి, నంద్యాల రోడ్డు నుంచి మనుషులొస్తారు. మొన్న ఒక ఇంటాయన పని కాగానే జేబులో చెయ్యి పెట్టి, "ఎంతియ్యమంటారు సార్?" అన్నాడు. ఇంజనీరు నొచ్చుకున్నాడు.

"ఇది చినూక్ సాల్మన్ రీలండీ. కూలికి దించేది కాదు."

లామినేషన్ పట్టిక చూసి సవరణ కలిపి, వాషింగ్టన్ కార్డు నమూనాలో గీయించుకున్న రిజిస్టరు తెరిచాడు. తేదీ రాశాడు. చోటు రాశాడు. లోతు: 317 అడుగులు. జాతి: లేదు. రెక్క కత్తిరించి ఉన్నదా, లేదా అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, ‘వర్తించదు’ అని రాసి, ఇంటాయన చేత సంతకం పెట్టించాడు.