అమ్మినవాడు ఎగరడు, ఎగిరినవాడు అమ్మలేదంటాడు

పవర్‌లూమ్ పంచె మీద ‘పొందూరు ఖాదీ’ అని చీటీ అంటించి అమ్మితే దాన్ని మోసం అంటాం. అలా అనడానికి చట్టం కూడా తోడుంది. ఖాదీ మార్కు లేకుండా ఏ బట్టనీ ఖాదీ పేరుతో అమ్మకూడదని 2013లోనే నిబంధనలు వచ్చాయి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, ఆ దూదిని వడికి, ఆ నూలుని మగ్గం మీద నేసినవాళ్లకి తప్ప ఆ పేరు చెప్పుకుని డబ్బు చేసుకునే హక్కు ఇంకెవరికీ లేదన్నది పొందూరులో చిన్నపిల్లలకి కూడా తెలిసిన న్యాయం. ఇదే పని ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున చేస్తే మాత్రం మోసం కాదు. దాని పేరు కోడ్‌షేర్. దాని మీద ఎవరూ కేసు పెట్టరు, ప్రెస్‌మీట్ పెడతారు. రెండు కంపెనీల పెద్దలు చేతులు కలిపి నవ్వుతూ ఫోటో దిగుతారు. ఆ ఫోటోలో ప్రయాణికుడు ఉండడు. అతని పని డబ్బు కట్టేదాకానే.

శంషాబాద్ విమానాశ్రయంలో బయలుదేరే విమానాల బోర్డు కింద అయిదు నిమిషాలు నిలబడితే ఈ విద్య అర్థమైపోతుంది. గేటు ఒకటే, టైము ఒకటే, వెళ్లే ఊరు ఒకటే. నంబరు మాత్రం రెప్పపాటుకోసారి మారుతుంది. ముందు ఒక కంపెనీ పేరు, తర్వాత దాని భాగస్వామి, ఆ తర్వాత ఆ భాగస్వామికి భాగస్వామి. అన్ని విమానాలున్నాయా అని కిటికీలోంచి చూస్తే అక్కడ నిలబడింది ఒక్కటే. దాన్ని నడిపేవాడు ఆపరేటింగ్ క్యారియర్. దానికి తన నంబరు తగిలించి టికెట్ అమ్మేవాడు మార్కెటింగ్ క్యారియర్. ఒకే వరుసలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రెండు కంపెనీల దగ్గర రెండు ధరలకి కొని ఉంటారు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకి ఇంతకన్నా ఎత్తయిన ఉదాహరణ దొరకదు.

దాచామని వాళ్లు ఒప్పుకోరు. వెబ్‌సైట్‌లో పైన పెద్ద లోగో, పక్కన చిరునవ్వుతో ఎయిర్‌హోస్టెస్, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఆపరేటెడ్ బై’ అని ఇంకో పేరు. చెప్పామా లేదా అంటే చెప్పారు. కనిపించిందా లేదా అన్నది మీ కళ్లద్దాల సమస్య. అమెరికాలో ఈ ఆట చాలా కాలంగా చూసి చూసి, విమానం నిజంగా నడిపేది ఎవరో టికెట్ అమ్మే ముందే చెప్పితీరాలని రూలు పెట్టుకున్నారు. ఫోన్‌లో అమ్మితే నోటితో చెప్పాలి.

కోడ్‌షేర్ వల్ల లాభమే లేదని అనను. వైజాగ్ నుంచి అమెరికా దాకా ఒకే టికెట్ మీద వెళ్తున్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై హైదరాబాద్‌లో రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే. విడివిడిగా కొనుక్కున్నవాడికి ఆ భాగ్యం లేదు. వాడు ‘నో షో’ కింద డబ్బు పోగొట్టుకుని, అక్కడే కొత్త టికెట్ కొనుక్కోవాలి. అంచేత నా తగువు ఒకే టికెట్‌తో కాదు. ఆ టికెట్‌కి ఇద్దరు యజమానులుండి, కష్టం వచ్చేసరికి ఒక్కరూ మిగలకపోవడంతో.

ఒక పెద్దమ్మని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. ఏ కోడలి పురుడుకో, ఏ కూతురి పురుడుకో అమెరికా బయలుదేరే తల్లి సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాలో ఊరూరా ఉంటుంది. రెండు పెట్టెల్లో చోడిపిండి, పలాస జీడిపప్పు, మాగాయ, అల్లుడికి పొందూరు పంచెల చాపు. కొడుకు విదేశీ కంపెనీ వెబ్‌సైట్‌లో టికెట్ కొని, పెట్టెకి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలని చెప్పాడు. ఇంట్లో తూకం వేసి మరీ కట్టారు. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి మాత్రం విమానం మన దేశీ కంపెనీది. కౌంటర్ కుర్రాడు తెర వంక చూసి, పెట్టెల వంక చూసి నిట్టూర్చాడు.

“మేడమ్, డొమెస్టిక్‌లో పదిహేను కిలోలే. మిగతాదానికి డబ్బు కట్టాలి.”

“అదేటి బాబూ? నలభై ఆరు కిలోలని టికెట్టు మీదే రాసినారు గదా?”

“అది వాళ్ల టికెట్టు మేడమ్. విమానం మాది.”

“డబ్బులు తీసుకున్నప్పుడు ఈ మాట ఎవలూ సెప్పనేదు.”

“చెప్పాల్సింది వాళ్లు మేడమ్.”

ఆ ‘వాళ్లకి’ ఫోన్ చేస్తే ముందు సంగీతం, తర్వాత మీ ప్రయాణం మాకెంతో ముఖ్యం అన్న రికార్డు, ఆ తర్వాత ఒక మనిషి గొంతు. లగేజీ సంగతి విమానం నడిపేవారి కౌంటర్‌లోనే తేల్చుకోవాలట. ఆ కౌంటర్ ముందు నిలబడే కదా ఫోన్ చేసింది! వెనక క్యూ గొణుగుతోంది. పెద్దమ్మ కొంగు ముడి విప్పుతుంది. నిజానికి అమెరికా ప్రయాణానికి ఒకే టికెట్ ఉంటే, మొదట ఎవరి నంబరు మీద అమ్మారో వాళ్ల లగేజీ లెక్కే దారి పొడుగునా వర్తించాలని అక్కడి రూలు. ఆ సంగతి రూలు పుస్తకానికి తెలుసు, రెండు కంపెనీల లాయర్లకి తెలుసు. వైజాగ్‌లో తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న కుర్రాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

లగేజీ ఒక్కటే అనుకునేరు. అమ్మినవాడి పీఎన్‌ఆర్ నడిపేవాడి వెబ్‌సైట్‌లో తెరుచుకోదు, అక్కడ ఇంకో పీఎన్‌ఆర్ ఉంటుంది. అది ఎవరూ ఇవ్వరు, అడిగి పుచ్చుకోవాలి. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడితే దిద్దాల్సింది అమ్మినవాడు, ఎక్కనివ్వనిది నడిపేవాడు. డబ్బు కట్టి తీసుకున్న కిటికీ సీటు ఒకరి కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది, ఇంకొకరి కంప్యూటర్‌లో మధ్య సీటయిపోతుంది. శాకాహార భోజనం అమ్మినవాడి దగ్గర నమోదవుతుంది, ట్రాలీలో మాత్రం చికెన్ వస్తుంది.

ఇక నష్టపరిహారం. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో లెక్కలు బాగానే ఉన్నాయి. సీట్లకి మించి టికెట్లమ్మి మిమ్మల్ని ఎక్కించుకోకపోతే, గంట దాటాక 24 గంటల్లోపు వేరే విమానం చూపిస్తే మూల ఛార్జీకి, ఇంధన ఛార్జీకి కలిపి రెండింతలు, గరిష్ఠంగా ₹10,000. 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా ₹20,000. చెప్పాపెట్టకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి ₹5,000 నుంచి ₹10,000 దాకా, లేదా ఛార్జీ ఎంతో అంత, ఏది తక్కువైతే అది. ఆలస్యానికి మాత్రం నగదు లేదు, ఫలహారం ఉంది. యూరప్ వాళ్లు ఇంకాస్త ఉదారులు. వాళ్ల 261/2004 నిబంధన కింద, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో కంపెనీ తప్పు వల్ల చాలా ఆలస్యమైతే 600 యూరోల దాకా ఇస్తారు.

అక్కడే ఉంది తమాషా. భారత్ నుంచి యూరప్ వెళ్లే విమానానికి ఆ నిబంధన వర్తించాలంటే, నడిపేది యూరప్ కంపెనీ అయి ఉండాలి. టికెట్ మీద ఎవరి నంబరుందో ఎవరూ చూడరు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా సొంత విమానంలో వెళ్లి అర పూట ఆలస్యమైతే యూరోలు అడగొచ్చు. అదే లుఫ్తాన్సా నంబరు మీద టికెట్ కొని ఢిల్లీలో ఎయిర్ ఇండియా విమానం ఎక్కితే, అంతే ఆలస్యానికి ఫలహారంతో సరి. జర్మన్ కంపెనీ పేరు చూసి కొన్నాం, ఆ పేరుతో వచ్చే హక్కు మాత్రం కొనలేదన్నమాట. ఆ సంగతి ధర చెప్పేటప్పుడు ఎవరైనా చెప్పారా?

యూరప్ వాళ్ల కోర్టు ఈ దోబూచులాట చూసి విసిగిపోయింది. ప్రాగ్ నుంచి అబుదాబి మీదుగా బ్యాంకాక్ వెళ్లిన వాళ్లకి రెండో విమానం ఆలస్యమైంది. అమ్మింది చెక్ కంపెనీ, ఆలస్యం చేసింది అబుదాబి కంపెనీ ఎతిహాద్. ‘మా విమానం టైముకే వెళ్లింది, మాకేం సంబంధం’ అంది చెక్ కంపెనీ. ఒకే బుకింగ్ కాబట్టి మొత్తం ప్రయాణానికి నువ్వే కట్టు, తర్వాత నీ భాగస్వామి దగ్గర రాబట్టుకో అని 2019లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పులో రాకెట్ సైన్సేమీ లేదు. రచ్చబండ దగ్గర పెద్దమనిషి చెప్పే తీర్పే.

భాగస్వామ్యం ఎంత గట్టిదో మనకి అదే 2019లో తెలిసింది. జెట్ ఎయిర్‌వేస్‌లో ఎతిహాద్‌కి 24 శాతం వాటా ఉండేది. ఒకరి విమానాల మీద ఇంకొకరి నంబర్లుండేవి. ఏప్రిల్ 17 రాత్రితో జెట్ ఆగిపోయింది. అప్పుడు ప్రయాణికులు తమ ఈ-టికెట్ నంబరులో మొదటి మూడంకెలు వెతుక్కున్నారు. 607 అయితే టికెట్ రాసింది ఎతిహాద్, 589 అయితే జెట్. జెట్ రాసిన టికెట్ల డబ్బు దివాలా ప్రక్రియలో అప్పులవాళ్ల క్యూలో నిలబడింది. చివరికి 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కంపెనీని మూసేయమంది. ఆ మూడంకెల అర్థం టికెట్ కొన్నరోజున చెప్పే దయగల కంపెనీ ఇప్పటికీ పుట్టలేదు. వెనక్కి రావాల్సిన డబ్బు సంగతి ముందు అడగాల్సింది ఆ అంకెల వాణ్నే.

అసలు చట్టం ఇంత గందరగోళంగా ఉందా అంటే, లేదు. అదే అసలు విడ్డూరం. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మనదేశం 2009లో చేరింది. అమ్మినవాడూ నడిపినవాడూ వేరైతే, నడిపిన భాగానికి ఇద్దరూ బాధ్యులేనని, ఎవరి మీద దావా వెయ్యాలో ప్రయాణికుడి ఇష్టమేనని అందులో ఉంది. ఒకరికి ఇచ్చిన ఫిర్యాదు ఇంకొకరికి ఇచ్చినట్టే లెక్క. పెట్టె పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. దావాకి రెండేళ్ల గడువు. 2019 వినియోగదారుల చట్టం మీరుండే చోటే ఫిర్యాదు చెయ్యొచ్చంటోంది, అయిదు లక్షల లోపు టికెట్ అయితే ఫీజు కూడా లేదు. అంటే మన పెద్దమ్మ దోహాకో ఫ్రాంక్‌ఫర్ట్‌కో పోనక్కర్లేదు. శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి పిలిపిస్తే, ‘వాళ్లని అడగండి’ అన్న ముక్క ఒకరితో ఒకరు చెప్పుకుంటారు.

ఈ హక్కులు జనానికి తెలియకపోవడానికి మన ప్రాంతానికి పలుకుబడి లేకపోవడమే కారణం అనడం కుదరదు. 2014లో విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు విమానయాన మంత్రి అయ్యారు. 2024లో శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు అదే కుర్చీలో కూర్చున్నారు. పదేళ్లలో రెండుసార్లు దేశం ఆకాశం మన చేతికొచ్చింది. ఫలితాలూ ఉన్నాయి. 2016లో ఫిర్యాదులకి ఎయిర్‌సేవా పోర్టల్ వచ్చింది. 2024 చివర కోల్‌కతా విమానాశ్రయంలో పది రూపాయల టీ వచ్చింది. 2025లో టికెట్ కొనగానే హక్కుల పట్టిక లింకు ఫోన్‌కి పంపాలని డీజీసీఏ కంపెనీలకి చెప్పింది. పది రూపాయల టీ నిజంగా బాగుంది. కాకపోతే పెట్టె ఎవరిస్తారో తెలియక రెండు కౌంటర్ల మధ్య తిరిగేవాడికి అది చల్లారిపోతుంది.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో వస్తున్న అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రాళ్లు ఇద్దరివి, రన్‌వే ఒకటే. కోడ్‌షేర్ మనవాళ్లకి కొత్త కాదని అక్కడే తెలిసిపోతోంది! అక్కడి నుంచి ఎగిరే తల్లులకి పనికొచ్చే రూలు ఒక్కటి చాలు. టికెట్ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో వాడే ముందు జవాబు చెప్పాలి, వాడే ముందు కట్టాలి. భాగస్వామి దగ్గర రాబట్టుకోవడం వాడి తిప్పలు.

కుదరదు, లెక్కలు చాలా చిక్కు అంటారు కంపెనీలవాళ్లు. అయ్యా, ఒకరి టికెట్ మీద ఇంకొకరు ఎగిరితే ఎవరి వాటా ఎంతో తేల్చి సర్దుకోవడానికి మీ విమాన సంస్థల సంఘం ఐఏటీఏకి క్లియరింగ్ హౌస్ 1947 నుంచి ఉంది. ఒకే టికెట్ డబ్బుని మూడు దేశాల మధ్య పంచుకోవడం మీకు చేతనవుతోంది. పెద్దమ్మ దగ్గర తీసుకున్న అదనపు లగేజీ డబ్బు ఎవరు తిరిగివ్వాలో తేల్చడం ఒక్కటే చేతకావడం లేదు.