కౌంటరు పండితుడు

టెక్సాస్‌లో ఏ తుపాకుల దుకాణానికి వెళ్లినా అద్దాల కౌంటరు మీద మోచెయ్యి ఆన్చి ఒకాయన కనిపిస్తాడు. దుకాణం ఆయనది కాదు. అక్కడ జీతగాడూ కాదు. ఏదైనా కొని ఎన్నాళ్లయిందో దుకాణదారుకే గుర్తులేదు. బేస్‌బాల్ టోపీ, నెరిసిన గడ్డం, చల్లారిపోయిన కాఫీ. శనివారమైతే హాజరు తప్పదు.

డాలస్‌లో ఉద్యోగం చేసే మన కుర్రాడొకడు "ఇంట్లో ఉంచుకోడానికి ఏ పిస్టల్ మంచిదండీ?" అని కౌంటరు వెనకాయన్ని అడిగాడు. ఆ పెద్దమనిషి నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నాడు.

"అది తర్వాత. ముందు నువ్వు సేఫ్టీ పక్షమా, డీకాకర్ పక్షమా?"

పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టుంది కుర్రాడికి.

ఈయనది సేఫ్టీ పక్షం. జాన్ బ్రౌనింగ్ తయారుచేయగా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్టల్ ఆయన ఇలవేల్పు. గుండుని పేల్చే సుత్తి, అదే హ్యామర్, వెనక్కి లేచే ఉంటుంది; అది పడకుండా బొటనవేలి దగ్గరి సేఫ్టీ మీట పైకి వేసి ఉంచాలి. అవసరమైతే మీట కిందికి. ప్రతి గుండుకీ ట్రిగ్గర్ ఒకేలా, తేలిగ్గా.

"హ్యామర్ అలా లేచి ఉంటే భయం వెయ్యదా అండీ?"

"భయస్తుల కోసమేగా డీకాకర్ పెట్టింది!"

డీకాకర్ మీట నొక్కితే గుండు పేలకుండా హ్యామర్ దిగిపోతుంది. అంతవరకూ బాగే. కానీ ఆ తర్వాత మొదటి గుండుకి ట్రిగ్గర్‌ని దూరం లాగాలి, బరువుగా లాగాలి. రెండో గుండు నుంచి తేలిక. "ఒకే వేలు రెండు రకాలుగా పనిచెయ్యాలా?" అంటాడు. చాదస్తుడే గానీ, ఈ ఒక్క ముక్కలో న్యాయముంది.

1985 మాటెత్తితే ఆయన గొంతు జీరబోతుంది. ఆ ఏడు సైన్యం కోల్ట్‌ని కాదని ఇటలీ బెరెట్టాని ఎంచుకుంది. దాని స్లైడ్ మీద, అంటే వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం మీద, ఉన్న ఒక్క మీటే సేఫ్టీ, డీకాకర్ రెండూను. ఇంకా ఘోరం, కోల్ట్‌లో కిందికి నొక్కితే పేల్చడానికి సిద్ధం, బెరెట్టాలో కిందికి నొక్కితే భద్రం! ఆ అన్యాయం వివరిస్తూ బొటనవేలు గాల్లో కిందికీ పైకీ ఆడిస్తుంటే కాఫీ ఒలికిపోతుంది.

ఇంతలో సిగ్ పి226 పిస్టల్ వాడే ఇంకో ముసలాయన వస్తాడు. దానికి డీకాకర్ తప్ప సేఫ్టీ మీట లేదు. ఇక మధ్యాహ్నం దాకా యుద్ధమే. ఆ సందులో కుర్రాడు చెవులకు పెట్టుకునే మఫ్‌లు కొనుక్కుని జారుకున్నాడు.

మీరెప్పుడైనా అటు వెళ్తే గ్లాక్ పేరు మాత్రం ఎత్తకండి. అమెరికా పోలీసుల్లో చాలామంది నడుముకి ఉండేది అదే. మామూలు గ్లాక్‌కి చేత్తో వేసే సేఫ్టీ మీటా లేదు, డీకాకరూ లేదు.