పొదుపు శాస్త్రంలో గుంతల ప్రకరణం

ఖర్చు తగ్గించుకోవడానికి నగరపాలక సంస్థలు కనిపెట్టిన మార్గాలలో అత్యుత్తమమైనది, చేయించుకున్న పనికి డబ్బు ఇవ్వకుండా ఉండడం. పని పూర్తయి, ఇంజినీరు ఎంబీలో, అనగా కొలతల పుస్తకంలో, వివరాలు ఎక్కించి సంతకం చేసిన తరువాత బిల్లు ఆర్థిక విభాగానికి చేరి అక్కడే దీర్ఘకాలం విశ్రమించే దశను పెండింగు అంటారు; ఆ దశలో ఉన్న సొమ్ము ఆ ఏటి చెల్లింపుల పట్టికలోకి రాదు కనుక నగరం పొదుపుగా బతుకుతున్నట్టే కనిపిస్తుంది.

ఈ మార్గం ఎంత లాభసాటిదో తెలియాలంటే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ బహిరంగంగా చేసిన అప్పును దీని పక్కన పెట్టి చూడాలి. మునిసిపల్ బాండ్లు, అంటే నగరం తన పేరున రాసిచ్చే రుణపత్రాలు, అమ్మి 2018 ఫిబ్రవరిలో ఆ సంస్థ 200 కోట్ల రూపాయలను 8.90 శాతం వడ్డీకి తెచ్చుకోగా, అదే ఏడాది ఆగస్టులో తెచ్చిన 195 కోట్లకు వడ్డీ 9.38 శాతానికి, 2019లో తెచ్చిన 100 కోట్లకు 10.23 శాతానికి పెరిగింది. బాండ్ల వడ్డీ ఒక్క రోజు ఆలస్యమైనా రేటింగు సంస్థలు ఊరుకోవు. కాంట్రాక్టరు బిల్లుకు రేటింగు లేదు, వడ్డీ లేదు, గడువు అసలే లేదు. ఇంతటి సాత్వికుడైన రుణదాత కార్యాలయం మెట్ల మీదే కూర్చుని ఉండగా బొంబాయి మార్కెట్టు దాకా వెళ్లడం దుబారా కాక మరేమిటి?

అయితే కాంట్రాక్టరుకూ ఈ శాస్త్రంలో ప్రవేశం ఉంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియనివాడు ఆ నిరీక్షణ ఖరీదును పనిలోంచే రాబట్టుకుంటాడు. అంచనా విలువకు తక్కువగా టెండరు వేయడాన్ని ‘లెస్’కు వేయడం అంటారు; 25 శాతానికి మించి లెస్ వేసినవారి నుంచి, ఆ మించిన తేడాకు అదనపు బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లోనే 94వ నంబరు జీవోలో చెప్పిందంటే, అంత చవకగా రోడ్డు పడుతుందన్న నమ్మకం ఏలినవారికీ లేదన్నమాట. అయినా లెస్ ఎంత పెరిగితే ఆదా అంత పెరిగినట్టు లెక్క; తారు మందంలో తగ్గినది మాత్రం ఏ పద్దులోనూ ఎక్కదు, దానిని తొలకరి వాన తనిఖీ చేస్తుంది.

నాలాల, అంటే వాననీటి కాలువల, పూడికతీతలో ఈ శాస్త్రం పరాకాష్ఠకు చేరుతుంది. వేసవిలో తోడిన పూడికను లారీల్లో తరలించకుండా గట్టునే వదిలేస్తే రవాణా ఖర్చు మిగులుతుంది, జూన్ వానలు దానిని పైసా తీసుకోకుండా నాలాలోకి దించుతాయి, మరుసటి ఏటి పూడికతీత అంచనాకు కావలసిన సరుకు నిల్వ ఉంటుంది. 2020 అక్టోబరులో నగరం మునిగిన తరువాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమమే వచ్చింది. కొత్త పనికి పేరుంటుంది, శిలాఫలకం ఉంటుంది, కనుక కత్తెర దాని జోలికి పోదు. పూడికతీతకు శంకుస్థాపన చేసే ఆచారం ఇంకా రాలేదు గనుక కోతలన్నీ నిర్వహణ పద్దు మీదే పడతాయి.

ఆ పద్దుకు నిధులు విడుదల కాలేదు కనుక ఖర్చు కాలేదని, ఖర్చు కాలేదు కనుక అవసరమే లేకపోయిందని, అవసరం లేదు కనుక వచ్చే ఏడాది అందులో సగం చాలునని ఆర్థిక సంవత్సరం చివరలో తేల్చే పత్రాన్ని సవరించిన అంచనాలు అంటారు.