కోనయాత్రా సూత్రాలు: ‘సర్వపంకిల’ వ్యాఖ్యా సహితం

అవతారిక

మాఘకావ్యానికి కోలాచల మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు ‘సర్వంకష’. మా వ్యాఖ్య పేరు ‘సర్వపంకిల’. అది దేన్నైనా ఒరిపిడి పెట్టి తేల్చేది, ఇది దేనికైనా బురద అంటించేది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ఒట్టు పెట్టుకున్నాడు. మాకు అటువంటి ఒట్లేవీ లేవు.

మూలగ్రంథం ఐదు సూత్రాలు. కర్త మా గుంపు పెద్ద, లోకంలో ‘లీడరన్న’ అని వ్యవహారం. గ్రంథం వెలువడిన చోటు వాట్సాప్. కాలం, కార్తీకమాసంలో ఒక శనివారం రాత్రి భోజనాలైనాక. శాస్త్రగ్రంథమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి గనక చెబుతున్నాం. విషయం: నెల్లూరు నుంచి రమారమి 80 కిలోమీటర్లు పోయి, పెంచలకోన గుడి దాటి, వాగు వెంట కోనలోకి ఎక్కి, జలపాతం చూసి, పొద్దు గూకేలోగా దిగిరావడం. ప్రయోజనం: ఫొటోలు. సంబంధం: డీజిలు ఖర్చులో తలా ఒక వాటా. అధికారులు: మైపాడు, ముత్తుకూరు, కోవూరు వాసులు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వీళ్ళు ఎక్కిన ఎత్తల్లా తుఫాను షెల్టరు మెట్లే.

పూర్వపక్షం: నెల్లూరు సీమకు వరిమళ్ళున్నాయి, రొయ్యలగుంటలున్నాయి, ఉప్పుగాలి ఉంది. కొండ అడవి ఎక్కడిది? ఉన్నా అది తడి అడవి ఎలా అవుతుంది?

సిద్ధాంతం: జిల్లాకు పడమట వెలిగొండలు గోడ కట్టినట్టు నిలబడి కడపసీమను వేరు చేస్తాయి. అందులో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవిని 1997లో పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు. ఎగువ వాలులు ఎండు అడవే, ఎర్రచందనం పెరిగేది అక్కడే. అయితే ఏడాది వానలో సగానికి పైగా ఈ జిల్లాకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. ఆ నెలల్లో కోన అడుగున రాయి తడి, వేరు తడి, తీగ తడి, పట్టుకున్న చెయ్యి తడి. మే నెలలో పోయినవాడికి జలపాతం ఉండాల్సిన చోట బండ కనిపిస్తుంది. కాబట్టి కార్తీకమే కాలం.

ప్రథమ సూత్రం

మూలం: ‘రేపు తెల్లారి ఐదుకు ఆత్మకూరు బస్టాండు కాడ. లేటయితే ఎవురికోసరమూ ఆగం.’

ప్రతిపదార్థం: రేపు = నిద్ర లేస్తే; తెల్లారి ఐదుకు = ఐదు దాటినాక, లీడరన్న స్నానం ముగిసే వేళకు; ఎవురికోసరమూ = లీడరన్న బావమరిదికి తప్ప మరెవ్వరికోసమూ; ఆగం = పొదలకూరులో టిఫినుకు మాత్రం ఆగుతాం.

తాత్పర్యం: ఆరున్నరకు బయల్దేరారు.

విశేషం: ఐదు అనడంలో ఆడంబరమేమీ లేదు. పెంచలకోన కొండలకు తూర్పు ముఖాన ఉంది. పొద్దు పడమటి శిఖరం వెనక్కి వాలిందంటే మైపాడు ఒడ్డున ఇంకా ఎండ కాస్తున్నా కోనలో మసక కమ్ముకుంటుంది. పొదలకూరులో రెండో కారందోశకు పోయిన అరగంట, సాయంత్రం బండల మధ్య కాలు పెట్టేచోటు కనిపించని అరగంటగా తిరిగొస్తుంది. దోశ బాగుంటుందనే మాటతో మాకు పేచీ లేదు.

ద్వితీయ సూత్రం

మూలం: ‘వానొచ్చినా పోతుండాం.’

పాఠాంతరం: ముత్తుకూరు వారి ఫోనులో ‘వానొచ్చినాక పోతుండాం’ అని ఉంది. మొదటి పాఠం వీరరసం, రెండోది వ్యవహారజ్ఞానం. రెండూ గ్రాహ్యమే.

తాత్పర్యం: గొడుగు తెచ్చుకున్నవాణ్ణి చూసి అందరూ నవ్వారు. తర్వాత అందరూ దాని కిందే నిలబడ్డారు.

విశేషం: ఈ సూత్రంలో వాన ఎక్కడ వస్తే అన్నది చెప్పలేదు. వ్యాఖ్యాత అవసరం ఇక్కడే. నెత్తిన పడే వానతో ప్రమాదం తక్కువ, మహా అయితే తుమ్ములు. ఎగువన, మన కంటికి ఆనని కొండ మీద పడే వానతోనే చిక్కు. అక్కడ నేల మందం తక్కువ, రాయి ఎక్కువ, వాలు నిటారు. పడ్డ నీళ్ళు ఇంకవు, నాలుగు వైపుల నుంచీ జారి ఇరుకు కోనలో కలుస్తాయి. మన నెత్తిన ఎండ కాస్తుండగానే వాగు మోకాలి నుంచి నడుముకు వస్తుంది. సముద్రం పక్కన పెరిగినవాడికి అల వస్తే పోతుందని తెలుసు. వాగుకు ఆ మర్యాద లేదు, వచ్చిందంటే గంటల తరబడి తగ్గదు.

లక్షణాలు: తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబారడం. ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకురావడం. అంతదాకా గలగలమన్న చప్పుడు లావెక్కడం. ఈ మూడింట్లో ఒకటి కనిపించినా బ్యాగు, చెప్పు, ఫోను ఏది అవతల ఉన్నా వదిలేసి గట్టెక్కాలి. వాగుకు ఏ పక్క ఉంటే ఆ పక్కే ఉండిపోవాలి.

దృష్టాంతం: 2021 నవంబరులో ఈ కొండల సీమలోనే కుంభవృష్టి కురిసింది. 19వ తేదీన కొండలకు అవతలి వైపు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న పొంగి, నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలుకట్టా, జాతీయరహదారీ కోతపడ్డాయి. కొండ మీద వాన ఏం చేయగలదో సముద్రతీరం వాళ్ళు ఇంటిముందు నిలబడి చూశారు. కనుక ‘పోతుండాం’ అనే క్రియ బయల్దేరడానికే వర్తిస్తుంది, వాగు దాటడానికి వర్తించదు.

తృతీయ సూత్రం

మూలం: ‘ఇంకో పది నిమిషాలే.’

ప్రతిపదార్థం: ఇంకో = ఇంతకుముందు చెప్పినవి లెక్కలోకి రావు; పది = అనేకం; నిమిషాలే = గంటలు కావని నమ్మించే ప్రయత్నం.

అలంకారం: అతిశయోక్తి కాదు, ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు. మేము దీనికి ‘ఊరడింపు’ అని పేరు పెట్టి అలంకారాల పట్టికలో కొత్తగా చేరుస్తున్నాం. దిగి వస్తున్నవాళ్ళు ఎక్కుతున్నవాళ్ళకు ‘దగ్గరే’ అని చెప్పడం దీనికి రెండో ఉదాహరణ.

గణితం: 1892లో స్కాట్లండ్ కొండలెక్కే విలియం నైస్మిత్ ఒక లెక్క కట్టాడు. గంటకు దాదాపు 5 కిలోమీటర్లు, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. నేటికీ కొండలెక్కేవాళ్ళకు అదే మొదటి లెక్క. అది ఒంట్లో సత్తువ, కింద సరైన బాట ఉన్నవాళ్ళకు చెప్పింది. మన కోనలో బాట అంటే వాగే. ఏనుగంత బండ, దాని పక్కన ఇంకో బండ, నడుమ మడుగు. బండ మీద నల్లగా మెరుస్తున్నది నీడ అనుకొని అడుగేస్తే పాచి. కుడికాలు జారిపోతుంది, ఎడమచెయ్యి మద్దిచెట్టు వేరును పట్టుకుంటుంది, ఆ వేరు కూడా జారుతుంది. ముందు ఎక్కినవాడు వంగి చెయ్యి అందిస్తాడు. వెనకవాడు భుజమిచ్చి తోస్తాడు. ఇద్దరి మధ్య వేలాడేవాడు లీడరన్న వంశాన్ని తలుచుకుంటాడు. ఒక్క బండ దాటేసరికి చెప్పిన పది నిమిషాలూ చెల్లు.

రసం: బస్టాండులో వీరం, మొదటి బండ దగ్గర అద్భుతం, మూడో బండ దగ్గర కరుణం, మేజోడు విప్పినప్పుడు బీభత్సం. కార్తీకం గనక క్యారియరులో చేపల పులుసు లేదు, పెరుగన్నమే ఉందని తెలిసినప్పుడు నెల్లూరివాడికి కలిగే రసమేదో భరతుడు చెప్పలేదు. జలపాతం ఎదురుగా నిలిచి తుంపర మొహాన పడ్డాక శాంతం. అప్పుడు పది నిమిషాల సంగతి ఎవరూ ఎత్తరు.

చతుర్థ సూత్రం

మూలం: ‘తెచ్చిండేదంతా తిరిగి తీసకపోవాల.’

తాత్పర్యం: నీళ్ళసీసాలు, చిప్సు కవర్లు, విస్తర్లు, అన్నీ. కోతులు తీసుకుపోయినవి కూడా మన ఖాతాలోనే.

శంక: వాగులో కొట్టుకుపోయినదాన్ని ఎట్లా తిరిగి తెచ్చేది? బూట్లు వేసుకురమ్మంటే హవాయి చెప్పులతో వచ్చిన కోవూరు వాసి ఎడమకాలి చెప్పు ఏమైనట్టు?

సమాధానం: కణ్వమహర్షి తపస్సు చేసిన చోటు గనక కణ్వలేరై, అదే వాడుకలో కండలేరు అయిందని స్థలపురాణం చెప్పే ఏరు ఇక్కడే పుడుతుంది. దీని నీళ్ళు 68 టీఎంసీల కండలేరు జలాశయంలో చేరతాయి. అక్కడినుంచి చెప్పుకు రెండు గతులు. తెలుగుగంగ కాలువ పడితే పూండి మీదుగా చెన్నైవారి తాగునీటి దిక్కు ప్రయాణం. ఏటిలోనే సాగితే కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు, ఆ ఒడ్డు రొయ్యలగుంటలు, ఆపైన సముద్రం. అంటే కోనలో పారేసింది ఏదైనా మనమో మన చుట్టాలో తాగే నీళ్ళలోకి, మనం పెంచే రొయ్యల దగ్గరికి వస్తుంది. చెప్పుకు మోక్షమెక్కడో తెలియదు గానీ దారి మాత్రం ఇది.

అర్థాపత్తి: తెచ్చింది తీసుకుపోవాలి అన్నప్పుడే తేనిది తీసుకుపోరాదని తేలుతోంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణ భాగంలోనే. దాని మీద దొంగల కన్ను, దొంగల మీద అటవీశాఖ కన్ను. ‘ఊతకర్ర సారూ, దారిలో దొరికింది’ అనే సమాసం చెక్‌పోస్టు దగ్గర చెల్లదు. అభయారణ్యంలో కాలు పెట్టేముందు అనుమతి అడగాలి, వచ్చేటప్పుడు ఖాళీ చేతులు చూపాలి.

పంచమ సూత్రం

మూలం: ‘ఎనకొచ్చేవాడు యాడుండాడో సూసుకుంటా నడవండి.’

అవతరణిక: పై నాలుగు సూత్రాలూ దీనికి పీఠికే. చిత్రమేమిటంటే ఈ సూత్రానికి శాస్త్రవిరోధం ఉంది.

మొదటి విరోధం, స్థలపురాణం. స్వామి ముసలివాడి రూపంలో ఒక గొర్రెల కాపరికి కనిపించి, తాను ఇక్కడ వెలిశానని ఊళ్ళో చెప్పమని, వెనక్కి తిరిగి చూడవద్దని చెప్పాడట. కాపరి ఉండబట్టలేక చూశాడు, శిలైపోయాడు. కనుక ఈ కోనలోనే వెనక్కి చూడరాదని పూర్వపక్షి వాదం.

రెండో విరోధం, భారతం. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగుచేసిన తిక్కన మన నెల్లూరివాడే, వాటిలో మహాప్రస్థానిక పర్వమూ ఉంది. మన వాఙ్మయంలో పేరుమోసిన గుంపు పర్వతయాత్ర అదే. ఆరుగురు మనుషులు, వెంట ఒక కుక్క. ద్రౌపది పడింది, సహదేవుడు పడ్డాడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు వెనక్కి చూడలేదు. పైగా ఎందుకు పడ్డారని భీముడు అడిగితే ఒక్కొక్కరి తప్పూ ఎంచి చెప్పాడు. కడాన భీముడు తన సంగతి అడిగితే తిండిపోతువన్నాడు. గమ్యం చేరింది నాయకుడు, కుక్క.

సిద్ధాంతం: కాపరికి పెట్టిన నియమం కబురు మోసేవాడిది. ఒంటరివాడికి వెనక ఎవరూ ఉండరు. ధర్మరాజుది తిరుగుటపా లేని ప్రయాణం, స్వర్గానికి పోయేవాడికి సాయంత్రం నెల్లూరు బస్సుతో పనిలేదు. మనది పోయి రావలసిన ప్రయాణం. ఇందులో వెనక్కి చూడని నాయకుడు ధర్మరాజంతటివాడైనా పనికిరాడు. పడ్డవాడి దగ్గర నిలబడి ‘నీకు పొట్ట ఎక్కువ, అందుకే’ అనేవాడు అసలే పనికిరాడు.

ప్రయోగం: అందరికన్నా గట్టివాడు ముందు నడిస్తే గుంపు తెగుతుంది. ముందువాళ్ళు నీడన కూర్చుని అలుపు తీర్చుకుంటారు. వెనకవాళ్ళు రొప్పుతూ వచ్చి చేరగానే ‘పదండి’ అని లేస్తారు. అలుపున్నవాడికి విశ్రాంతి లేదు, విశ్రాంతి దొరికినవాడికి అలుపు లేదు. అందుచేత దారి తెలిసినవాడొకడు ముందు, గట్టివాడు కడాన, నెమ్మదైనవాడు ముందువాడి వెనకాలే ఉండాలి. నడక వేగం నెమ్మదైనవాడిదే.

న్యాయం: వాగు దాటిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి, లెక్కపెట్టేవాడు తన్ను తాను వదిలేసి, ఒకడు మునిగిపోయాడని ఏడ్చారు. అది నవ్వుల కథే గానీ వాళ్ళు లెక్క పెట్టారన్నది మరవొద్దు. సెల్ఫీలో మొహాలు చూసి అందరూ ఉన్నారనుకునే మనకన్నా వాళ్ళు నయం.

ఫలశ్రుతి

ఈ సూత్రాలు చదివినవారికి కాళ్ళనొప్పులు తగ్గవు, విన్నవారికి వాన ఆగదు. కోనకు పోయేవారికి వ్యాఖ్యాత మనవి ఒక్కటే. జలపాతం వచ్చే కార్తీకానికీ అక్కడే ఉంటుంది. వాగు రంగు మారినా, కడపటివాడు ‘ఇక నా వల్ల కాదబ్బా’ అన్నా అక్కడే తిరగండి. ఎంతమంది ఎక్కారో అంతమంది దిగితేనే పోయివచ్చినట్టు, జలపాతం చూశారా లేదా అన్నది ఆ తర్వాతి మాట.